దోసపాదుకు ఎరువు: ఎంత, ఎప్పుడు, ఎందుకు

వత్సవాయి, జగ్గయ్యపేట, నందిగామ మెట్టలో పెరడున్న ఇళ్లలో తొలకరి పడగానేనో, సంక్రాంతి దాటాకో నాలుగు దోసగింజలు నాటడం పాత అలవాటు. పప్పులోకీ ఆవకాయలోకీ పండుదోస, ఈమధ్య పచ్చిగా తినడానికి కీరా. తీగ సాగకపోయినా, పిందె రాలినా, కాయ చేదెక్కినా ఇంట్లో మొదట వినబడే మాట ఒకటే: ఎరువు చాలలేదు. పత్తికో మిరపకో తెచ్చిన యూరియా బస్తా వసారాలో ఉండనే ఉంటుంది కనుక ఒక గుప్పెడు తీసి మొదట్లో చల్లుతారు. ఇంకొకరు బూడిద పోయమంటారు, మరొకరు గుడ్డుపెంకులు నలిపి వేయమంటారు, జీవామృతం పోస్తే మరేమీ అక్కర్లేదని ఇంకొకరు చెబుతారు. విశ్వవిద్యాలయాల సిఫార్సు చూస్తే అది ఎకరాల్లో, టన్నుల్లో ఉంటుంది. వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి లెక్క చూస్తే నాకు తేలిన విషయం ఇది: ఈ నేలలో పెరటి దోసకు కావలసిన ఎరువు మనం అనుకునేదానికంటే చాలా తక్కువ. దానిలో ఎక్కువ భాగం గింజ పడకముందే మట్టిలో చేరిపోవాలి. మిగిలింది రెండు దఫాలుగా కొద్దికొద్దిగా అందితే చాలు. ఆ తర్వాత వచ్చే తిప్పల్లో చాలావాటికి మందు ఎరువు సంచిలో లేదు.

ముందు మొక్క తీసుకునేదెంతో చూద్దాం. పండుదోస ఖర్బూజా జాతికి చెందింది, కీరాది వేరే జాతి. అయినా వేళ్ల తీరు, ఆకలి తీరు దగ్గరదగ్గరగా ఉంటాయి కనుక ఎరువు విషయంలో రెండింటినీ కలిపే చెప్పుకోవచ్చు. కీరాకాయలో నూటికి 95 పాళ్లు నీరే. ఆహార విశ్లేషణ పట్టికల ప్రకారం 10 కిలోల కీరాకాయల్లో ఉండే నత్రజని సుమారు 10 గ్రాములు, పొటాషియం 15 గ్రాములు, భాస్వరం రెండున్నర గ్రాములు. తీగకూ ఆకుకూ వేరుకూ ఇంచుమించు మరో అంత కావాలనుకున్నా ఒక పాదు 10 కిలోల కాపుకు మొత్తం 20 గ్రాముల నత్రజనితో సరిపెట్టుకుంటుంది. పెరటిపాదులో అంత కాపు అందరికీ రాదు. ఇక బాగా చివికిన పశువుల ఎరువులో నత్రజని నూటికి అర పాలు ఉంటుంది. ఒక పెద్ద తట్టెడు, అంటే 10 కిలోలు వేస్తే 50 గ్రాముల నత్రజని మట్టిలో చేరినట్టు. అందులో ఆ పంటకాలంలో మొక్కకు అందేది నాలుగో వంతో మూడో వంతో, అంటే 12 నుంచి 16 గ్రాములు. పొటాష్ కూడా అందులోనే వస్తుంది. తట్టెడు మంచి పెంటతో పని ముప్పాతిక వంతు అయిపోతుంది.

ఇదే సంగతి సిఫార్సుల్లోంచీ తేలుతుంది. తెలుగునాట తీగజాతి కూరగాయలకు చెప్పే మోతాదు ఎకరాకు 6 నుంచి 8 టన్నుల పశువుల ఎరువు, 32 నుంచి 40 కిలోల భాస్వరం, 16 నుంచి 20 కిలోల పొటాష్. ఇవి గింజ వేసేముందే గుంతల్లో పడాలి. నత్రజని 32 నుంచి 40 కిలోలు, దాన్ని రెండు సమభాగాలు చేసి విత్తిన 25, 30 రోజులకు ఒకసారి, పూత పిందె సమయంలో మరోసారి వేయాలి. ఎకరమంటే సుమారు 4,000 చదరపు మీటర్లు. పాదుకు ఒక చదరపు మీటరు చోటు అనుకుంటే పశువుల ఎరువు ఒకటిన్నర నుంచి రెండు కిలోలు, నత్రజని 8 నుంచి 10 గ్రాములు. యూరియాలో నత్రజని 46 శాతం కనుక పంటకాలం మొత్తానికి 17 నుంచి 22 గ్రాముల యూరియా, దఫాకు 10 గ్రాములు. టీ చెంచాతో తల కొట్టి కొలిస్తే రెండున్నర చెంచాలు. పెద్దవాళ్ల గుప్పెట్లో పట్టే యూరియా 40 గ్రాములకు తగ్గదు. అంటే ఆ ఒక్క గుప్పెడే రెండు పంటల మోతాదు. అదీ ఒక్క రోజున, ఒక్క మొదట్లో. సిఫార్సు చేసిన శాస్త్రజ్ఞులు నత్రజనిని కావాలనే రెండు ముక్కలు చేశారు. పెరట్లో ఆ ముక్కలు మళ్లీ ఒకటైపోతున్నాయి, మోతాదేమో రెట్టింపవుతోంది.

మోతాదు మించితే ఏమవుతుందన్నది పాదులోనే కళ్లకు కడుతుంది. ఆకు ముదురు పచ్చగా, అరచేతి కంటే వెడల్పుగా విచ్చుకుంటుంది, కణుపుల మధ్య దూరం పెరిగి తీగ పందిరంతా అల్లుకుంటుంది, మగపూలు గుత్తులుగా పూస్తాయి, పిందె ఉన్న ఆడపూలు మాత్రం ఆలస్యమవుతాయి. తీగజాతుల్లో నత్రజని ఎక్కువైనా, ఎండ తీవ్రమైనా మొగ్గు మగపూల వైపే. మెత్తటి ఆ ఆకుల మీదికి పేనుబంకా తెల్లదోమా తొందరగా చేరతాయి. ఇది కంటికి కనబడే నష్టం. కనబడనిది వేరు దగ్గర జరుగుతుంది. దోస వేళ్లలో ఎక్కువ భాగం పైమట్టిలో జానెడు, జానెడున్నర లోతులోనే పరుచుకుంటాయి, ఉప్పును అంతగా ఓర్చుకోలేవు. మాస్, హాఫ్‌మన్ 1977లో పంటల ఉప్పు ఓర్పును లెక్కగట్టి ఇచ్చిన పట్టికలో మట్టి ద్రావణం లవణాంశం మీటరుకు 2.5 డెసిసీమెన్లు దాటితే కీరా దిగుబడి పడిపోవడం మొదలవుతుంది, ఆపైన ఒక్కో డెసిసీమెన్‌కు 13 శాతం చొప్పున తగ్గుతుంది. పెరటి పాదుకు పోసే బోరునీళ్లే ఉప్పగా ఉన్నచోట గుప్పెడు యూరియా, గుప్పెడు డీఏపీ కలిస్తే ఆకు అంచులు మాడతాయి. ఆ మాడు చూసి నీళ్లు చాలలేదనో ఎరువు చాలలేదనో మళ్లీ అదే చేస్తారు.

పైర్లకు బస్తాలు బస్తాలు వేసే రైతు తెలివితక్కువవాడా అని ఎవరైనా అడగవచ్చు. కాదు. పందిరి మీద, డ్రిప్పు కింద హైబ్రిడ్ కీరా వేసే రైతు ఎకరంలో టన్నులకొద్దీ కాయ తీస్తాడు, తీసినంతా బండెక్కి ఊరు దాటుతుంది, నేలకు తిరిగి వచ్చేదేమీ ఉండదు. అయినా అతను వేసేది రోజుకింత చొప్పున నీళ్లతో కలిపి. పెరట్లో తీసేది నాలుగైదు కిలోలు, తొక్కా గింజా ఆకూ మళ్లీ పెరట్లోనే పడతాయి. ఈ రెంటి లెక్కా ఒకటి కాదు. రైతు నుంచి పెరడు నేర్చుకోవలసింది దఫాలుగా ఇవ్వడం. మనం తెచ్చుకున్నది బస్తా మాత్రమే.

ఇక నేల సంగతి. ఇక్కడే బయటి సలహాలు ఎక్కువగా తప్పుతాయి. జగ్గయ్యపేట చుట్టుపక్కల భూమి అడుగున సున్నపురాయి పొరలున్నాయి. జయంతిపురంలో, ముక్త్యాలలో సిమెంటు ఫ్యాక్టరీలు వెలసింది అందుకే. వత్సవాయి మండలంలో మున్నేటి వైపు ఒండ్రు కలిసిన నేలలు, మిగతాచోట్ల నల్లరేగడీ ఎర్రనేలా కలగలిసి ఉంటాయి. రేగడి తవ్వితే తెల్లటి సున్నపు గులకలు చేతికి తగలడం చాలాచోట్ల మామూలే. ఇలాంటి నేలలు క్షారం వైపు మొగ్గుతాయి. గుడ్డుపెంకు అంటే దాదాపు పూర్తిగా సున్నపురాయి పదార్థమే. సున్నం చాలని పుల్లనేలల్లో, ఎడతెగని వానలు నేలను కడిగేసే సీమల్లో దానికి అర్థముంది. మన సున్నపు నేలలో అది కరగదు, కరిగినా మొక్క అడిగేది కాదు. బూడిదలో పొటాష్ ఉన్నమాట నిజం, నత్రజని మాత్రం లేదు. దాని క్షారం ఇప్పటికే క్షారంగా ఉన్న నేలను ఇంకా ఆ వైపే తోస్తుంది. మన నల్లరేగళ్లలో పొటాష్ సహజంగానే దండిగా ఉంటుంది కూడా. బూడిదను పెంటకుప్పలో పలచగా కలిపితే ఇబ్బంది లేదు, రోజూ పొయ్యి బూడిద తెచ్చి పాదు మొదట్లో పోయడం మాత్రం మానాలి.

క్షారనేలలో నిజంగా వచ్చే లోపం వేరు. కొసన ఉన్న లేత ఆకులు పసుపెక్కుతాయి, ఈనెలు మాత్రం పచ్చగా నిలుస్తాయి. అది ఇనుము లోపం. మట్టిలో ఇనుము లేక కాదు, సున్నం దాన్ని కదలనివ్వక. నత్రజని లోపమైతే పసుపు కింది ముదురాకుల్లో మొదలవుతుంది, ఈనెలతో సహా ఆకంతా పాలిపోతుంది. ఈ తేడా పోల్చుకోవడానికి ఏ పరీక్షా అక్కర్లేదు, పసుపు పైనుంచి వచ్చిందా కిందినుంచి వచ్చిందా అని చూస్తే చాలు. మొదటిదానికి లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి చల్లపూట ఆకులు తడిసేలా చల్లితే, వారం పది రోజుల తేడాతో రెండుసార్లకు పచ్చదనం తిరిగివస్తుంది. దానికి యూరియా వేస్తే తీగ ఇంకా సాగి ఇనుము ఇంకా చాలకుండా పోతుంది. క్షారనేల మరో నష్టమూ చేస్తుంది: యూరియా పైపైన చల్లి వదిలేస్తే అమ్మోనియాగా మారి గాలిలో కలిసిపోతుంది. కనుక వేసే ఆ రెండున్నర చెంచాలనైనా మొదలుకు జానెడు దూరంలో వేలెడు లోతు గాడి తీసి, వేసి, మట్టి కప్పి, వెంటనే నీళ్లు పెట్టాలి.

ఒకే ఊళ్లో కూడా పెరళ్లన్నీ ఒక తీరు కావు. పాత ఊరి నడిబొడ్డు పెరళ్లలో తరతరాలుగా పేడ, బూడిద, పొట్టు, కూలిన మట్టిగోడలు కలిసిపోయాయి. ఊరుదిబ్బల మన్నును పాటిమన్ను అని బండ్ల మీద చేలకు తోలుకున్న రోజులున్నాయి. ఆ మన్నుకు అంత విలువ ఊరకే రాలేదు. మనుషులూ పశువులూ తిరిగినచోట భాస్వరం పోగుపడుతుంది, నత్రజనిలా కొట్టుకుపోదు. అలాంటి పెరట్లో దోసకు డీఏపీ వేయడం ఉన్నచోటే మళ్లీ పోయడం. 50 గ్రాముల డీఏపీలో ఉండే భాస్వరం 10 కిలోల కాయలు తీసుకెళ్లేదానికి నాలుగు రెట్లు. మిగిలింది సున్నంతో కలిసి గట్టిపడుతుంది, జింకు అందకుండా అడ్డుపడుతుంది. ఊరి బయట కొత్తగా కట్టిన ఇళ్ల సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. పునాదుల్లోంచి తీసిన అడుగుమట్టి, తోలించిన గ్రావెల్, సిమెంటు రద్దు కలిసిన ఆ నేలలో సేంద్రియ పదార్థమన్నదే లేదు. అక్కడ పాదుకు మూరెడు వెడల్పు, మూరెడు లోతు గుంత తవ్వి, రద్దు ఏరేసి, చెరువు మట్టీ చివికిన ఎరువూ సగంసగం నింపి, ఒకటి రెండు గుప్పెళ్ల సూపర్ ఫాస్ఫేట్ ఆ ఎరువులోనే కలపడం సబబు. ఎరువుతో కలిసి ఉన్న భాస్వరాన్ని సున్నం అంత త్వరగా పట్టుకోలేదు. ఎరువు తక్కువ చాలన్న నా వాదనకు ఈ కొత్త పెరళ్లు నిజమైన మినహాయింపు. అయితే వాటికి కూడా కావలసింది మొదట్లో నేల కట్టడం, తర్వాత తర్వాత చల్లడం కాదు.

పెంట ఎంత అన్నదానికంటే ఎంత చివికింది అన్నది ముఖ్యం. పచ్చిపేడ, సగం మాగిన ఎరువు వేస్తే మట్టిలో సూక్ష్మజీవులు దాన్ని అరిగించుకునే పనిలో ఉన్న నత్రజనినే లాగేసుకుంటాయి, మొలక పాలిపోతుంది. ఎర్రనేలల్లో చెదలు పడుతుంది. కొమ్ము పురుగు తెల్లటి పిల్లపురుగులు కుప్పతోపాటే వచ్చేస్తాయి. బాగా చివికిన ఎరువు నల్లగా, పొడిగా ఉంటుంది, తొలకరి మట్టి వాసన తప్ప పేడ వాసన రాదు, పిడికిట పట్టి వదిలితే విడిపోతుంది. కోళ్ల ఎరువు మరీ ఘాటు, నత్రజని పశువుల ఎరువుకు ఎన్నో రెట్లు, ఉప్పూ ఎక్కువ. నెలల తరబడి మాగనిచ్చి, అదైనా దోసెడుకు మించకుండా వేయాలి. పశువులు తగ్గిపోయి, ట్రాక్టర్లు వచ్చాక పెంట దొరకడం లేదన్న మాట వాస్తవమే. అప్పుడు వర్మీకంపోస్టు రెండు మూడు కిలోలు, వేపపిండి 100 గ్రాములు దానికి బదులు నిలుస్తాయి. తర్వాతి దఫాలకు వేరుశనగ చెక్క నాకు అన్నిటికంటే నచ్చుతుంది. దానిలో నత్రజని సుమారు 7 శాతం. 50 గ్రాముల చెక్క ఐదు లీటర్ల నీళ్లలో రెండు మూడు రోజులు నానబెట్టి వడకట్టకుండా పాదులో పోస్తే మూడున్నర గ్రాముల నత్రజని నిదానంగా అందుతుంది, చేయి జారి మోతాదు కాస్త మించినా వేరు మాడే ప్రమాదం తక్కువ.

జీవామృతం మీద మన రాష్ట్రంలో జరిగినంత చర్చ మరే ఎరువు మీదా జరగలేదు. సుభాష్ పాలేకర్ చెప్పిన పద్ధతిలో 200 లీటర్ల నీటికి 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుపిండి, గుప్పెడు గట్టుమన్ను; అది ఎకరానికి ఒక విడత. వాటన్నిటిలో ఉన్న నత్రజని కలిపినా పావు కిలో దాటదు. ఎకరాకు 32 కిలోలు అడుగుతున్న సిఫార్సు పక్కన ఇది ఏమూలకూ రాదు, కనుక జీవామృతాన్ని ఎరువుగా లెక్కగట్టడం పొరపాటు. రైతు సాధికార సంస్థ ప్రకృతి సేద్యాన్ని బోధించేవారు కూడా అది ఎరువని చెప్పరు, నేలలో ఉన్నదాన్ని కదిలించే తోడు అంటారు. ఆ మాటను మాటగా తీసుకుంటే దాని షరతు కూడా తీసుకోవాలి: నేలలో కదిలించడానికి ఏదో ఒకటి ఉండాలి, పైన ఆచ్ఛాదన ఉండాలి, తడి ఆరకూడదు. పాటిమన్ను పెరట్లో ఎండుటాకు కప్పిన పాదుకు జీవామృతం పోస్తే బాగా పనిచేసిందని ఎవరైనా చెబితే నమ్మడానికి నాకు అభ్యంతరం లేదు. గ్రావెల్ పోసిన పెరట్లో అది ఒక్కటే పోసి కాయ రాలేదని నిరుత్సాహపడేవారికి చెప్పవలసింది కూడా ఇదే. ఆ ద్రావణం కంటే దానితోపాటు చెప్పే ఆచ్ఛాదనే దోసకు ఎక్కువ మేలు చేస్తుందని నా అభిప్రాయం. ఎండాకాలపు 45 డిగ్రీల ఎండలో పైమట్టి వేళ్లను కాపాడేది అదే.

ఇంటి తిండికి రసాయన ఎరువు చుక్క కూడా తగలకూడదన్న పట్టు మీద ఒక మాట. వేరు తీసుకునేది ఎక్కువగా నైట్రేట్ రూపంలోనే. అది పెంటలోంచి వచ్చిందా యూరియాలోంచి వచ్చిందా అన్న తేడా వేరుకు తెలియదు. కనుక కొలిచి వేసిన రెండున్నర చెంచాల యూరియా కాయను విషం చేయదు. ఆ భయానికి ఆధారం లేదు. అయినా పెరట్లో నేను పెంటకూ చెక్కకూ ఓటు వేస్తాను, కారణం వేరు: రసాయన ఎరువులో పొరపాటుకు చోటు చాలా తక్కువ, నేలకు పట్టు ఇవ్వదు, తేమ నిలపదు. పెరట్లో కొలతబద్ద ఎవరి దగ్గరా ఉండదు.

ఎరువు తీర్చలేని బాధలు ఇప్పుడు చూద్దాం. మన ఇళ్లలో దోసకాయ తరిగేముందు ముక్క కోసి, గింజల దగ్గర నాలుకకు ఆనించి చేదు చూస్తారు. ఆ చేదు కుకుర్బిటాసిన్ అనే పదార్థానిది. 2014లో చైనా శాస్త్రజ్ఞులు సైన్స్ పత్రికలో కీరా చేదును తయారుచేసే తొమ్మిది జన్యువులనూ, ఆకులో ఒకటి కాయలో ఒకటి వాటిని నడిపే రెండు మీటలనూ గుర్తించారు. చేదు ఉండడం విత్తనంలో ఉంది. అది పైకి రావడం ఎండ, నీటి ఎద్దడి లాంటి ఒత్తిడి మీద ఆధారపడుతుంది. నాలుగు రోజులు ఎండబెట్టి ఐదోరోజు ముంచెత్తే పాదులో కాయ చేదెక్కితే దానికి పొటాష్ వేసి లాభం లేదు. కాయ పగిలినా, వంకర తిరిగినా మొదట చూడవలసింది తడి తీరునే. ఇక పిందె పసుపెక్కి రాలడం. ఆడపువ్వు ఒక్క పొద్దే విచ్చుకుంటుంది, ఆ ఉదయం తేనెటీగ రాకపోతే పిందె నిలవదు. ఆ వేళకు మందు చల్లే ఇంట్లో తేనెటీగ ఎక్కడిది? మగపువ్వు కోసి రేకులు తీసి ఆడపువ్వుకు అద్దితే ఆ పిందె నిలిచిందంటే లోపం ఎరువులో లేదని తేలిపోయినట్టే. పిందె మీద సూదిపోటంత రంధ్రం, జిగురు కనబడితే అది పండు ఈగ. ఈ వరుసలో ఎరువుకు దగ్గరగా వచ్చేది బోరాక్స్ ఒక్కటే: రెండు నుంచి నాలుగు ఆకుల దశలో లీటరుకు 3, 4 గ్రాములు కలిపి చల్లితే ఆడపూలు పెరుగుతాయని సిఫార్సు ఉంది. బోరాన్ చాలకపోవడానికీ విషమవడానికీ మధ్య సందు చాలా ఇరుకు, కనుక అది ఆ ఒక్క దశకే. అలాగే బూడిద తెగులు కనబడిందని దోసజాతి ఆకుల మీద గంధకం చల్లకూడదు; మాడిపోతాయి, ఆ మాడునూ ఎరువు లోపంగానే పొరబడతారు.

తొట్టెల్లో వేసేవారికి మాత్రం లెక్క మారుతుంది. రోజూ పోసే నీళ్లతో పోషకాలు అడుగు రంధ్రంలోంచి కారిపోతాయి, పాకి వెతుక్కోవడానికి వేరుకు చోటుండదు. అక్కడ తక్కువ మోతాదులో పది రోజులకొకసారి చెక్కనీళ్లు పోయడం తప్పదు.

ఈ చర్చ అంతటిలో పెద్ద లోటు ఒకటుంది. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డులు కమతాలకు ఇచ్చేవి, పెరడు వాటి లెక్కలోకి రాదు. 2022లో ఎన్టీఆర్ జిల్లాగా విడిపోయిన ఈ ప్రాంతానికి గరికపాడులో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. చేల మట్టితోపాటు పెరటి మట్టిని కూడా పరీక్షకు తీసుకోవడం మొదలుపెడితే, దానివల్ల ఆదా అయ్యే యూరియా, డీఏపీ ఊరూరా లెక్కకు వస్తాయి. పాదులు పెట్టే చోట ఐదారు చోట్ల వి ఆకారంలో జానెడు లోతు గుంట తీసి, అంచు మట్టిని గోకి, కలిపి, నీడన ఆరబెట్టి అరకిలో ఇస్తే చాలు. ఎరువు వేసిన నెల లోపల మాత్రం తీయకూడదు. ఫలితంలో మొదట చూడవలసినవి మూడు. ఉదజని సూచిక 8 దాటితే బూడిద, గుడ్డుపెంకు మానేయాలి. లవణాంశం ఎక్కువగా ఉంటే ఏ ఎరువైనా ముందు పాదుకు నీళ్లు దిగే దారి చూడాలి. సేంద్రియ కర్బనం అర శాతం కంటే తక్కువుంటే ఆ ఏడు దోసకంటే ముందు జనుమో జీలుగో చల్లి, పూతకు రాగానే మట్టిలో కలియదున్నాలి.